‘అయింది’కీ ‘చేయించుకుంది’కీ మధ్య

మన ఇళ్ళల్లో రెండు వాక్యాలు వినబడుతుంటాయి. ‘ఆమెకి అబార్షన్ అయింది’ అంటారు. ‘ఆమె అబార్షన్ చేయించుకుంది’ అంటారు. నామవాచకం ఒకటే, తేడా అంతా క్రియలో ఉంది. మొదటి వాక్యంలో ఆమెకి ఏదో జరిగింది. కాబట్టి ఓదార్పు దక్కుతుంది, నాలుగు రోజులు పడుకోనిస్తారు, పథ్యం వండిపెడతారు. రెండో వాక్యంలో ఆమె ఏదో చేసింది. ఎందుకు, ఎవరిని అడిగి, ఎవరికి తెలియకుండా అనే ప్రశ్నలు మొదలవుతాయి. అబార్షన్ అనే ఇంగ్లీషు మాట తీసేసి చెప్పినా అంతే. కడుపు పోవడం వేరు, కడుపు తీయించుకోవడం వేరు. జాలి, నింద, కాపురం నిలబడడం, కొన్నిచోట్ల జైలు కూడా ఈ క్రియాపదం మీద ఆధారపడి ఉంటాయి.

ఆస్పత్రి భాషలో ఈ తేడా కనబడదు. తనంతట తాను పోయిన గర్భాన్ని కూడా కేస్ షీటులో ‘స్పాంటేనియస్ అబార్షన్’ అనే రాస్తారు. పిండం కడుపులోనే ప్రాణం పోయి బయటికి రాకుండా ఉండిపోతే ‘మిస్డ్ అబార్షన్’ అంటారు. ఆ కాగితం చూసి ‘నేనేమీ చేయించుకోలేదు కదా, ఇలా రాశారేమిటి’ అని బెదిరిపోయే స్త్రీలున్నారు. ఆ భయం అజ్ఞానం కాదు. ఆ కాగితం రేపు ఎవరి చేతిలో పడుతుందో, వాళ్ళు దాన్నెలా చదువుతారో అన్న ఎరుక అది.

ఇప్పుడు ఆ కాగితాన్ని చదివేది మనుషులొక్కరే కాదు. సెల్‌ఫోనులో టైపు చేసిన ప్రశ్న, స్నేహితురాలికి పెట్టిన మెసేజి, నెలసరి తేదీలు రాసుకునే యాప్, డాక్టరు రాసిన నోటు, అన్నిటినీ కంప్యూటరు ప్రోగ్రాములు చదువుతున్నాయి. మాటలు ఏరి, లెక్కగట్టి, ఫలానా స్త్రీ ఫలానా స్థితిలో ఉందని తేలుస్తున్నాయి. పరిశోధనా రంగంలో ఇవి మూడు వేర్వేరు సమస్యలు. డిజిటల్ మాధ్యమాల భద్రత ఒకటి, గర్భధారణలో వచ్చే చిక్కులు ఒకటి, రాతని యంత్రంతో విశ్లేషించడం ఒకటి. మూడు శాఖలు, ముగ్గురు నిపుణులు. గర్భిణి మాత్రం ఆ మూడు గదుల్లోనూ ఒకేసారి ఉంటుంది. ఇది వైద్యులూ ఇంజనీర్లూ తేల్చుకోవలసిన విషయమని సాహిత్యం వాళ్ళం పక్కకి తప్పుకుంటున్నాం. కానీ ఇక్కడ జరుగుతున్న పని ‘చదవడం’. ఎవరు చదువుతున్నారు, ఏ అధికారంతో, ఏ కథని ముందే మనసులో పెట్టుకుని అని పురుష రచయితల్నీ విమర్శకుల్నీ అడగడంతోనే స్త్రీవాద విమర్శ మొదలైంది. ఈ కొత్త పాఠకుణ్ణి కూడా అవే ప్రశ్నలు అడగాలి.

ముందు మన భాష సంగతి చూద్దాం. తెలుగులో ఆడవాళ్ళు గర్భం గురించి సూటిగా చెప్పుకునే మాటలు తక్కువ. నెల తప్పింది, నీళ్ళోసుకుంది, ఒట్టిమనిషి కాదు. తెలిసినవాళ్ళకి తెలుస్తుంది, పక్కనున్న పిల్లలకి తెలియదు. మూడోనెల దాటేదాకా, కొన్ని ఇళ్ళల్లో అయిదోనెల దాకా, బయటికి చెప్పరు. దిష్టి అంటారు. దిష్టి సంగతి ఎలా ఉన్నా అందులో ఒక అనుభవజ్ఞానం ఉంది. పోయే గర్భాల్లో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే పోతాయి. ఊరందరికీ చెప్పాక పోతే, పోయిందని మళ్ళీ ఊరందరికీ చెప్పుకోవాలి. ఎవరికి, ఎప్పుడు, ఎంత తెలియాలో నిర్ణయించుకునే ఏర్పాటు అది. ఇవాళ సమాచార భద్రత అని పెద్దపేరు పెట్టుకున్న విషయాన్ని ఆడవాళ్ళు మాటల పొదుపుతో నడుపుకున్నారు.

అలాగని ఆ మౌనాన్ని పొగడనక్కర్లేదు. చెప్పాలా వద్దా అనే నిర్ణయం చాలాసార్లు గర్భిణిది కాదు, అత్తగారిది. ఆ మౌనమే ప్రసూతి గదిలోని అవమానాన్ని, వరస కాన్పుల హింసని దాచిపెట్టింది. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూం’ కవిత వచ్చినప్పుడు కొందరు ఉలిక్కిపడింది అందుకే. కవిత్వానికి పనికిరాదనుకున్న గది కవిత్వంలోకి వచ్చింది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో తెలంగాణ సాయుధ పోరాటపు స్త్రీలు అజ్ఞాతవాసంలోని కాన్పుల గురించి, వదులుకోవాల్సి వచ్చిన బిడ్డల గురించి మాట్లాడారు. తర్వాత వచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ పుస్తకం మన ఒంటి గురించి మనం అడగలేకపోయిన ప్రశ్నల్ని అచ్చులో పెట్టింది. వీటన్నిటిలోనూ ఒక సంగతి ఉంది. చెప్పే ఆమెకి వినేది ఎవరో తెలుసు. టేప్ రికార్డరు ఎదురుగా కనబడుతూనే ఉంది. చెప్పే హక్కు, చెప్పకుండా ఉండే హక్కు పరస్పర విరుద్ధాలు కావు. రెండూ వినేవాళ్ళని ఎంచుకునే హక్కులోంచే వచ్చాయి. యంత్రం చదివేటప్పుడు పోతున్నది ఆ ఎంపికే.

ఈ చదువు ఎలా ఉంటుందో అమెరికా అనుభవం చెబుతుంది. అక్కడ ఇది ముందుగా, విస్తారంగా జరిగింది కాబట్టి ఉదాహరణలు అక్కడివే తీసుకుంటాను. 2012లో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో చార్ల్స్ డుహిగ్ రాసిన కథనం టార్గెట్ అనే దుకాణాల సంస్థ గర్భిణుల్ని ఎలా కనిపెడుతుందో వివరించింది. వాసన లేని లోషన్లు, కాల్షియం, మెగ్నీషియం, జింక్ మాత్రలు వంటి సుమారు 25 వస్తువుల కొనుగోళ్ళని కలిపి చూసి, ఆమె గర్భవతా కాదా, కాన్పు ఎప్పుడు కావచ్చు అని అంచనా కట్టారు. తమ విషయం దుకాణానికి తెలిసిందని గ్రహిస్తే ఆడవాళ్ళు జంకుతున్నారు. దాంతో పసిపిల్లల సామాను ప్రకటనల మధ్య గడ్డి కోసే మిషను ప్రకటన పెట్టారు. చూసినవాళ్ళకి అన్నీ యాదృచ్ఛికంగా వచ్చాయనిపించాలి. ‘ఒట్టిమనిషి కాదు’ అని చాటుగా చెప్పుకునే పద్ధతిని దుకాణం నేర్చుకుందన్నమాట. మనం మనల్ని కాపాడుకోవడానికి వాడుకున్న చాటు, వాళ్ళకి మన నుంచి తమని దాచుకోవడానికి పనికొచ్చింది.

ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్రం చెప్పే జానెట్ వెర్టెసి తన గర్భాన్ని ఇంటర్నెట్ నుంచి దాచగలనా అని ప్రయత్నించి, ఆ అనుభవాన్ని 2014లో బయటపెట్టింది. పిల్లల సామాను నగదుతోనే కొంది. జాడ తెలియనివ్వని టార్ బ్రౌజరు వాడింది. బంధువులెవరూ ఫేస్‌బుక్‌లో ఒక్క మాట రాయొద్దని కోరింది. చివరికి పిల్లల బండి కొనడానికి ఆమె భర్త నగదిచ్చి పెద్దమొత్తంలో గిఫ్ట్ కార్డులు కొనబోతే, ఇలాంటి కొనుగోళ్ళని అధికారులకి తెలియజేయవలసి రావచ్చన్న హెచ్చరిక దుకాణంలో ఎదురైంది. చెప్పకుండా ఉండడమే అనుమానాస్పదమైన పని అయిపోయింది. మన అమ్మమ్మలు మూడునెలలు నోరు మూసుకుని సాధించిన దాన్ని ఈ విద్యాధికురాలు ఇన్ని తంటాలు పడి కూడా నేరస్థురాలిలా కనబడకుండా సాధించలేకపోయింది.

గర్భం నిండుగా సాగిన వాళ్ళ సంగతి ఇది. చిక్కులొచ్చిన వాళ్ళ సంగతి? వాషింగ్టన్ పోస్ట్ పత్రికలో పనిచేసిన జిలియన్ బ్రాకెల్ 2018 డిసెంబరులో టెక్నాలజీ కంపెనీలకి ఒక బహిరంగ లేఖ రాసింది. ఆమెకి మృతశిశువు పుట్టింది. గర్భిణి అని తెలుసుకుని ప్రకటనలు కురిపించిన యంత్రాలు బిడ్డ పోయిందన్న సంగతి మాత్రం తెలుసుకోలేదు. ఆమె దుఃఖంలో వెతికిన మాటలు, స్నేహితుల ఓదార్పులు అన్నీ వాటి ముందే ఉన్నాయి. ఈ ప్రకటన చూడదలుచుకోలేదని నొక్కితే ఎందుకని అడుగుతాయి. నాకు సంబంధించింది కాదని జవాబిస్తే, బిడ్డ పుట్టేసిందన్నమాట అని అర్థం చేసుకుని పాలిచ్చే తల్లుల లోదుస్తుల ప్రకటనలు పంపుతాయి.

ఆ లేఖని నేను ఒక కథావిమర్శగా చదువుతాను. ఆ యంత్రం దగ్గర ఉన్నది ఒకటే కథ. నెల తప్పడం, తొమ్మిది నెలలు, కాన్పు, ఉయ్యాల. దానికి ఒకటే ముగింపు. ఆ ముగింపుకి అడ్డొచ్చే వాక్యం ఏది ఎదురైనా దాన్ని ఆ ముగింపులోకే వంచుతుంది. వారం వారం కడుపులో బిడ్డని ఒక పండుతో పోల్చి చూపించే గర్భిణుల యాప్‌లదీ అదే కథ. గర్భం పోవడం, ముందుగానే కాన్పు రావడం, మాయ అడ్డంగా ఉండడం, గుర్రపువాతం, ఇవేవీ ఆ కథలో భాగాలు కావు, కథ ఆగిపోయిన చోట్లు. ఇది యంత్రం కనిపెట్టిన కథ కాదు. మాతృత్వమే స్త్రీ జీవితానికి సార్థకత అని చెప్పిన సాహిత్యమంతా ఈ కథే చెప్పింది. పాత కథకి కొత్త కథకుడు దొరికాడు, అంతే.

భద్రత అనగానే ఎక్కడో కూర్చున్న దొంగ గుర్తొస్తాడు. కానీ ఫ్లో అనే నెలసరి యాప్ విషయంలో తాళం పగలగొట్టిన వాళ్ళెవరూ లేరు. స్త్రీలు నమోదు చేసిన నెలసరి, గర్భధారణ వివరాల్ని ఫేస్‌బుక్, గూగుల్ వంటి కంపెనీలకి అందించిందన్న ఆరోపణ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో ఆ సంస్థ 2021లో రాజీ కుదుర్చుకుంది. 2025 ఆగస్టులో కాలిఫోర్నియాలో ఒక జ్యూరీ, ఫేస్‌బుక్ యజమాని అయిన మెటా కంపెనీ ఆ యాప్ వాడినవాళ్ళ గోప్యతని ఉల్లంఘించిందని తీర్పు చెప్పింది. ఓవియా అనే గర్భిణుల యాప్ నుంచి ఉద్యోగినుల సమాచారం, పేర్లు తీసేసి మొత్తంగా, యాజమాన్యాలకి చేరుతోందని 2019లో వాషింగ్టన్ పోస్ట్ రాసింది. పదిమంది ఆడవాళ్ళున్న ఆఫీసులో పేరు తీసేస్తే ఎవరో తెలియకుండా ఉంటుందా?

ముప్పు ఇంకా దగ్గర్లోనే ఉండొచ్చు. భద్రతా నిపుణులు శత్రువు బయటివాడనుకుని వ్యవస్థలు కడతారని, పక్కలో పడుకునేవాణ్ణి లెక్కలోకి తీసుకోరని కేరెన్ లెవీ, బ్రూస్ ష్నయర్ 2020లో ఒక వ్యాసంలో వాదించారు. పాస్‌వర్డు అడిగే ప్రశ్నకి జవాబు భర్తకి తెలుసు, ఆమె వేలు పట్టుకుని ఫోను తెరిపించడమూ తెలుసు. దక్షిణాసియాలో ఫోను ఒకరిది కాదు, ఇంటిది. భర్త, అత్త, పిల్లలు అందరూ చూస్తారు. నిత్యా సాంబశివన్ బృందం 2018లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడి ఆడవాళ్ళు ఫోనుల్లో కొన్నిటికి తాళం వేసుకోవడం, మెసేజిలు ఎప్పటికప్పుడు చెరిపేసుకోవడం వంటి ఉపాయాల్ని నమోదు చేసింది. నెల తప్పింది అని గుసగుసలాడిన నోటికీ, చదివిన వెంటనే మెసేజి చెరిపేసే వేలికీ పెద్ద తేడా లేదు.

ఈ చదువు న్యాయస్థానంలోకి ప్రవేశించినప్పుడు జరిగేది మరీ భయంకరం. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో భారత సంతతికి చెందిన ఒక స్త్రీకి 2013లో నెలలు నిండకముందే ఇంట్లో కాన్పయింది. రక్తస్రావంతో ఆస్పత్రికి వెళ్ళింది. మాత్రలు తెప్పించుకోవడం గురించి స్నేహితురాలికి పంపిన మెసేజిలు సాక్ష్యమయ్యాయి. ఆమె రక్తంలో ఆ మందు జాడ దొరకలేదు. అయినా 2015లో 20 ఏళ్ళ శిక్ష పడింది. 2016లో పైకోర్టు పిండహత్య నేరాన్ని కొట్టేసి, మిగిలిన నేరం తీవ్రత తగ్గించాక బయటికొచ్చింది. మిసిసిపీలో 2017లో ఇంట్లో కాన్పయి బిడ్డ దక్కని ఒక నల్లజాతి స్త్రీ మీద హత్యానేరం మోపారు. గర్భస్రావం మాత్రల గురించి ఆమె ఫోనులో వెతకడాన్ని ఆధారంగా చూపించారు. 2020లో ఆ కేసు వీగిపోయింది. 2022లో నెబ్రాస్కాలో తల్లీకూతుళ్ళు ఫేస్‌బుక్‌లో మాట్లాడుకున్న మాటలు వారెంటు మీద పోలీసుల చేతికి వెళ్ళాయి, 2023లో ఇద్దరికీ జైలుశిక్ష పడింది. రాసినవాళ్ళకీ అందుకున్నవాళ్ళకీ తప్ప మధ్యలో కంపెనీకి కూడా అర్థంకాని రహస్యలిపి అప్పటికి ఆ మెసేజిలకి తనంతట తానుగా ఉండేది కాదు. 2023 డిసెంబరులో గానీ మెటా దాన్ని అందరికీ వర్తించేలా మార్చడం మొదలుపెట్టలేదు.

సాహిత్యం చదువుకున్నవాళ్ళకి ఇక్కడ ఒక అభ్యంతరం ఉండి తీరాలి. వెతకడం అంటే ప్రశ్న అడగడం. ప్రశ్న కోరిక కాదు, కోరిక చర్య కాదు. స్నేహితురాలికి రాసే మాటలో భయం, కోపం, డాంబికం, ఎదుటివాళ్ళు వద్దంటారేమోనన్న ఆశ అన్నీ ఉంటాయి. మన కథల్లో పాత్ర ‘చచ్చిపోతాను’ అంటే ఎన్ని అర్థాలుంటాయో విద్యార్థులకి గంటసేపు పాఠం చెబుతాం. అదే స్త్రీ తన ఫోనులో రాస్తే ఒకే అర్థం తీసి సంతకం పెట్టించినట్టు వాడుకుంటారు. ‘అయింది’ అని ఒళ్ళు చెబుతుంటే ‘చేయించుకుంది’ అని మెసేజి నుంచి రాబట్టారు.

ఇది మనకి దూరపు గొడవ కాదు. 1971 నాటి చట్టం కొన్ని షరతులతో గర్భస్రావాన్ని అనుమతించింది, 2021 సవరణ ఆ పరిధిని పెంచి, స్త్రీ పేరూ వివరాలూ బయటపెట్టకూడదని డాక్టర్లకి విధించింది. కానీ ఆ షరతుల బయట, తన గర్భాన్ని తానే పోగొట్టుకునే స్త్రీ కూడా నేరస్థురాలే అన్న పాత శిక్షాస్మృతిలోని 312వ సెక్షను, 2024లో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 88వ సెక్షనుగా కొనసాగుతోంది. వైద్య రికార్డుల్ని సున్నితమైన సమాచారంగా 2011 నాటి నిబంధనలు విడిగా గుర్తించాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టంలో అలాంటి విడి వర్గం లేదు.

మరోవైపు గర్భిణుల నమోదు మన దగ్గర భారీగా సాగింది. తల్లీబిడ్డల వివరాల్ని కంప్యూటరులో నమోదు చేసే జాతీయ పథకం 2009లో మొదలైంది. తెలంగాణలో 2017లో వచ్చిన కేసీఆర్ కిట్ పథకంలో 12,000 రూపాయలు, ఆడపిల్ల పుడితే 13,000 రూపాయలు అందాలంటే పేరు నమోదు కావలసి ఉండేది. దీనివల్ల మేలు జరగలేదనను. 2018-20 లెక్కల ప్రకారం లక్ష సజీవ జననాలకి తల్లుల మరణాలు దేశంలో 97 ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. రక్తం తక్కువున్న గర్భిణిని, మొదటి కాన్పులో సిజేరియన్ అయిన గర్భిణిని ముందే గుర్తిస్తే ప్రాణం నిలబడుతుంది. నా ప్రశ్న నమోదు మీద కాదు. ఆ వివరం ఆశా కార్యకర్త ఫోను నుంచి బయల్దేరి ఎవరెవరు చదవగా ఎక్కడిదాకా వెళ్తుందో గర్భిణికి చెప్పే పద్ధతి ఉందా అన్నది.

యంత్రం చదువు ఎప్పుడూ మనకి వ్యతిరేకమేనా? కాదు. యంత్రం చూపు రోగి మీద నుంచి డాక్టరు మీదకి తిరిగితే ఏమవుతుందో 2022లో హెల్త్ అఫైర్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. చికాగోలోని ఒక వైద్యకేంద్రంలో 18,459 మంది రోగుల గురించి రాసిన 40,113 నోట్లని ప్రోగ్రాముతో చదివించారు. చెప్పినమాట వినదు, నిరాకరించింది, ఆందోళనగా ఉంది వంటి ప్రతికూల వర్ణనలు తెల్లవారికంటే నల్లజాతి రోగుల నోట్లలో ఉండే అవకాశం, ఆడ్స్ లెక్కన, 2.54 రెట్లుగా తేలింది. కొలంబియా విశ్వవిద్యాలయ నర్సింగ్ పరిశోధకులు ప్రసూతి వార్డు నోట్లలోని చులకన మాటల్ని ఇలాగే ఏరే పని చేపట్టారు. వేలకొద్దీ నోట్లని ఏ విమర్శకురాలూ ఒక్కతే చదవలేదు. ఇక్కడ యంత్రం స్త్రీవాద విమర్శకి సహాయకురాలైంది.

ఆ ఒక్క మాట ప్రాణం మీదకి ఎలా వస్తుందో సెరెనా విలియమ్స్ చెప్పిన అనుభవంలో ఉంది. 2017 సెప్టెంబరులో సిజేరియన్ తర్వాత ఊపిరాడక, తనకి రక్తం గడ్డకట్టే తత్వం ఉందని తెలిసి, స్కానింగ్ చేయమని అడిగింది. నొప్పి మందుల వల్ల తికమకపడుతోందని నర్సు అనుకుంది. ఊపిరితిత్తుల్లో గడ్డలు తర్వాత బయటపడ్డాయి. ప్రపంచ ప్రసిద్ధురాలి మాటకే విలువ లేకపోతే మన జిల్లా ఆస్పత్రిలో వరండాలో పడుకున్న ఆమె మాటేమిటి?

ఆమె మాట అసలు కాగితం ఎక్కదు. ‘కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి, తల పగిలిపోతోంది, డొక్కలో పొడుస్తోంది’ అని ఆమె తెలుగులో చెబుతుంది. నెలలు నిండుతున్న వేళ ఇవి గుర్రపువాతానికి ముందొచ్చే హెచ్చరికలు కావచ్చు. కేస్ షీటులో ఇంగ్లీషులో రెండు పొడి అక్షరాలు, ఒక అంకె ఉంటాయి. చికాగోలో డాక్టరు చులకనైనా వాక్యంలో దొరికింది. మన దగ్గర వాక్యమే లేదు, కాబట్టి నేరం దొరకదు. పోనీ తెలుగులో రాసి ఉన్నా యంత్రం దాన్ని బాగా చదువుతుందా? కంప్యూటరులో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలితే తెలుగు అక్షర సంకేతం ఒక్కొక్కదానికి మూడు బైట్లు కావాలి. చాలా ప్రోగ్రాములు తెలుగు మాటని అర్థంలేని ముక్కలుగా నరికి చదువుతాయి. ‘తీయించుకోలేకపోయింది’ అనే ఒక్క మాటలో ఒక స్త్రీ కోరిక ఉంది, ఇంకొకరి చేత చేయించుకోవాల్సిన అవసరం ఉంది, ఆమె నిస్సహాయత ఉంది, చివరికి ఏమీ జరగలేదన్న నిజం ఉంది. ‘తీయించు’ దగ్గర ఆగిపోయే పాఠకుడికి ఆమె దోషి.

అందుకే ఈ విషయంలో మనం చేయాల్సింది రెండున్నాయి. మన మాటల్ని చదివే ప్రతి యంత్రం వెనక ఎవరున్నారో చెప్పమని, వద్దన్నప్పుడు చెరిపేయమని, కడుపు పోయిన స్త్రీ ఏ వివరణా ఇవ్వకుండా ఆ జాబితా నుంచి బయటికి రాగలిగే దారి పెట్టమని అడగడం మొదటిది. రెండోది మన సొంత పని. గర్భం గురించి, దాని చిక్కుల గురించి శ్రీకాకుళం నుంచి ఆదిలాబాదు దాకా ఆడవాళ్ళు వాడే మాటల్ని, వాళ్ళ అనుమతితో, వాళ్ళ పేర్లు లేకుండా పోగుచేయాలి. ఏ మాట దేన్ని చెబుతుంది, దేన్ని దాస్తుంది, ఏ క్రియ ఎవరిమీద భారం వేస్తుంది అని వివరంగా రాయాలి. మంత్రసానులు, నర్సులు, ఆశా కార్యకర్తలు ఇందులో సమాచారం ఇచ్చేవాళ్ళుగా కాక సంపాదకులుగా ఉండాలి. అందులో ఏది ఆస్పత్రికి ఇవ్వాలి, ఏది యంత్రానికి నేర్పాలి, ఏది మన మధ్యే ఉంచుకోవాలి అన్నది ఆ మాటలు ఇచ్చిన ఆడవాళ్ళు కూర్చుని తేల్చుకోవాలి. ‘సవాలక్ష సందేహాలు’ తయారుచేసిన తరం ఇలాంటి పనికి దారి చూపించింది. తర్వాతి పుస్తకం మన వంతు.